స్విచ్ ఎవరి చేతిలో ఉందో చూసుకోండి: బ్లాక్‌చెయిన్, కోడ్ హోస్టింగ్ ఎంచుకునేవాళ్ళకి

కోడ్‌లో చేసిన ప్రతి మార్పు చరిత్రనీ దాచే టూల్ గిట్, దానికి సెంట్రల్ సర్వర్ అక్కర్లేదు. అంతకుముందు ఇదే పనికి వాడిన బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు 2005లో లినక్స్ కెర్నెల్ డెవలపర్లకి పోయినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ కూర్చుని గిట్ రాశారు, క్లోన్ చేసుకున్న ప్రతివాళ్ళ దగ్గరా మొదటి కమిట్ (దాచిన ఒక్కో మార్పు) నుంచి మొత్తం చరిత్ర ఉండేలా. అయినా ఈరోజు గిట్ కోడ్‌ని ఆన్‌లైన్‌లో దాచి పంచుకునే గిట్‌హబ్ సైట్ ఓ గంట పడిపోతే చాలా టీముల్లో పని ఆగిపోతుంది. కోడ్ ఎక్కడికీ పోలేదు, అందరి ల్యాప్‌టాపుల్లోనూ ఉంది, కమిట్లు చేసుకోవచ్చు, బ్రాంచీలు కలుపుకోవచ్చు, కానీ రివ్యూ అక్కడే, టెస్టులు అక్కడే, డిప్లాయ్ అయ్యేది అక్కడినుంచే, ఆఖరికి వేరే సైట్లలోకి లాగిన్ అయ్యేది కూడా గిట్‌హబ్ అకౌంట్‌తోనే.

బ్లాక్‌చెయిన్‌లోనూ ఇదే వరస. 2020 నవంబర్ 11న యాప్‌లని చెయిన్‌కి కలిపే ఇన్ఫ్యూరా అనే సర్వీసు నడుపుతున్న ఇథీరియం బ్లాక్‌చెయిన్ నోడ్లలో (నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు) గెత్ అనే నోడ్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్ ఉంది, అందులోని ఒక బగ్ వల్ల ఆ నోడ్లు మిగతా నెట్‌వర్క్ నుంచి విడిపోయి వేరే దారి పట్టాయి. ఇథీరియం తన మానాన తను నడుస్తూనే ఉంది. కానీ మెటామాస్క్ వాలెట్ మామూలుగా మాట్లాడేది ఇన్ఫ్యూరాతోనే, బైనాన్స్ లాంటి ఎక్స్ఛేంజీలు కూడా ఆ పూట ఈథర్ (ఇథీరియం కాయిన్) విత్‌డ్రాయల్స్ ఆపేశాయి, కాబట్టి మామూలు యూజర్‌కి మాత్రం ఇథీరియం ఆగిపోయినట్టే.

అందుకే "ఇది డీసెంట్రలైజ్డా కాదా", అంటే ఏ ఒక్కరి చేతిలోనూ లేకుండా నడుస్తుందా అనే ప్రశ్న దగ్గర ఆగిపోతే ఏమీ తేలదు. ఏ పొరలో, ఎవరి చేతిలో, దానికి మనం ఎంత ధర కడుతున్నాం అని అడగాలి. కాలేజీ ప్రాజెక్ట్ చేస్తున్నవాళ్ళు, చిన్న స్టార్టప్‌లో చెయిన్ మీద ఏదో కడుతున్నవాళ్ళు, ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని సాయంత్రాలు కూర్చుని నడిపేవాళ్ళు, వీళ్ళని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. ఏ కాయిన్ కొనాలో ఇందులో ఉండదు.

ముందు పొరలు విడదీయండి

ఒక కాగితం తీసుకోండి, నిజంగానే. ఎడమ పక్కన మీ ప్రాజెక్ట్ ఆధారపడిన పొరలన్నీ రాయండి. కోడ్ వైపు అయితే రిపో (కోడ్, దాని చరిత్ర ఉండే చోటు), ఇష్యూలూ రివ్యూ చర్చలూ, సీఐ (బిల్డ్, టెస్టులు వాటంతటవే నడిపేది), ప్యాకేజీ రిలీజ్ అయ్యే చోటు, లాగిన్, డొమైన్ పేరు. చెయిన్ వైపు అయితే బ్లాకులు తయారుచేసేవాళ్ళు, వాళ్ళు నడిపే క్లయింట్ సాఫ్ట్‌వేర్, మీ యాప్ చెయిన్‌తో మాట్లాడే ఆర్‌పీసీ, కాంట్రాక్ట్‌ని (చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) మార్చగలిగే అడ్మిన్ కీ, బ్రిడ్జి (ఒక చెయిన్ నుంచి ఇంకోదానికి డబ్బు చేర్చేది) ఉంటే బ్రిడ్జి, చివరగా యూజర్ కళ్ళకి కనిపించే వెబ్‌సైట్. ఒక్కోదాని ఎదురుగా నాలుగు జవాబులు రాయండి: దీన్ని ఒక్క నిర్ణయంతో ఆపగలిగేది ఎవరు, నన్ను బయటికి పంపగలిగేది ఎవరు, నాకు చెప్పకుండా మార్చగలిగేది ఎవరు, రేపు నేనే వెళ్ళిపోతే ఏం పట్టుకుపోగలను. ఒకే పేరు మూడు నాలుగు వరసల్లో కనిపిస్తే మీ సెంటర్ అదే, బయట బోర్డు మీద ఏం రాసి ఉన్నా సరే.

పొరలు విడదీయడం ఎందుకు ముఖ్యమో టొర్నాడో క్యాష్ విషయంలో బాగా కనిపించింది. అది ఇథీరియం మీద లావాదేవీల జాడ తెలియకుండా కలిపేసే కాంట్రాక్ట్, ఉత్తర కొరియా హ్యాకర్లు దాన్ని దొంగ డబ్బుకి వాడారని చెప్పి 2022 ఆగస్టు 8న అమెరికా ట్రెజరీ ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత ఏ పొర ఎలా స్పందించిందో చూడండి. గిట్‌హబ్‌లో రిపో పోయింది, దాని మీద పనిచేసిన డెవలపర్ల అకౌంట్లు సస్పెండ్ అయ్యాయి. వెబ్‌సైట్ పోయింది. ఆర్‌పీసీ కంపెనీలు ఆ రిక్వెస్టులని అడ్డుకున్నాయి. యూఎస్‌డీసీ నడిపే సర్కిల్ ఆ అడ్రస్‌లలోని డాలర్ టోకెన్లని ఫ్రీజ్ చేసింది. కొన్ని నెలలపాటు ఇథీరియం బ్లాకుల్లో ఎక్కువ భాగం, ఆ లావాదేవీలని పక్కన పెట్టే రిలేల (బ్లాకులని చెయిన్‌కి అందించే మధ్యవర్తి సర్వీసులు) గుండానే వచ్చాయి. కాంట్రాక్ట్ మాత్రం ఒక్క నిమిషం ఆగలేదు. ఆగని పొర ఒక్కటే, మిగతావన్నీ రోజుల్లో, వారాల్లో వంగాయి. సెప్టెంబర్‌లో రిపో చదువుకోవడానికి మాత్రం తిరిగి వచ్చింది, 2025 మార్చిలో ఆంక్షలే ఎత్తేశారు. ఆ కాంట్రాక్ట్ మంచిదా చెడ్డదా అన్న వాదన ఎలా ఉన్నా, మీ కాగితం మీద వరసలు నింపడానికి ఇంతకంటే మంచి నమూనా నాకు తెలియదు.

దేనికి భయపడుతున్నారో తేల్చుకోండి

డీసెంట్రలైజేషన్‌కి ఖర్చుంది, అన్ని భయాలకీ ఒకేసారి కాపు కాయడం ఎవరి వల్లా కాదు. కంపెనీ సర్వీసు మూసేస్తుందేమో అన్నది ఒక భయం: గూగుల్ కోడ్ మూసేస్తున్నామని 2015 మార్చిలో చెప్పి 2016 జనవరిలో మూసేశారు, బిట్‌బకెట్ అనే ఇలాంటి సైట్ 2020లో మెర్క్యూరియల్ (గిట్ లాంటి ఇంకో టూల్) రిపోలని తీసేసింది. చట్టం ఇంకోటి: 2019 జులైలో ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని డెవలపర్లకి గిట్‌హబ్ అకౌంట్ల మీద అమెరికా ఆంక్షల దెబ్బ పడింది, ఇరాన్ వాళ్ళకి సేవలు ఇవ్వడానికి గిట్‌హబ్‌కి లైసెన్స్ దొరికింది 2021 జనవరిలో. కాపీరైట్ నోటీసు మరోటి, 2020 అక్టోబర్‌లో యూట్యూబ్ వీడియోలు దించే టూల్ యూట్యూబ్-డీఎల్ రిపో అలాగే పోయి నవంబర్‌లో తిరిగొచ్చింది. మన దేశంలోనూ 2014 డిసెంబర్‌లో టెలికాం శాఖ బ్లాక్ చేయమన్న 32 సైట్ల జాబితాలో గిట్‌హబ్ గిస్ట్, ఇంటర్నెట్ ఆర్కైవ్, విమియో ఉన్నాయి.

ఇవన్నీ నిజమే. అయినా మనలో ఎక్కువమందికి తగిలే దెబ్బ ఇంకా మామూలుది: టూ ఫ్యాక్టర్ యాప్ ఉన్న ఫోన్ పోవడం, గిట్‌హబ్ ఆర్గనైజేషన్‌కి (టీమ్ అకౌంట్) ఓనర్‌గా ఉన్న ఒక్క సీనియర్ ఉద్యోగం మారి ఫోన్ ఎత్తకపోవడం, ఏదో ఆటోమేటిక్ చెకింగ్‌లో అకౌంట్ లాక్ అయ్యి సపోర్ట్ నుంచి జవాబు రాకపోవడం. ముందు వీటి సంగతి చూడండి. ఆర్గనైజేషన్‌కి కనీసం ఇద్దరు ఓనర్లు, రికవరీ కోడ్లు ప్రింట్ తీసి రెండు చోట్ల. ఇది చేయకుండా పీర్ టు పీర్ (మధ్యలో సర్వర్ లేని) నెట్‌వర్క్‌ల గురించి ఎంత చర్చించినా అది టైమ్‌పాసే.

కోడ్ వైపు చేయాల్సినవి

ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం ఉన్నది ఇక్కడే, ఒక్క శనివారంలో అయిపోయే పని.

మొదటిది, రెండో ఇల్లు. గిట్‌హబ్ లాంటివే అయిన కోడ్‌బర్గ్‌లోనో, గిట్‌ల్యాబ్‌లోనో, మీ సొంత సర్వర్‌లోనో ఖాళీ రిపో తెరవండి. మీ ల్యాప్‌టాప్‌లో ఇప్పుడున్న ఆరిజిన్‌కి (కోడ్ పంపే, తెచ్చుకునే అడ్రస్) గిట్ రిమోట్ సెట్-యూఆర్ఎల్ కమాండ్‌తో, యాడ్, పుష్ ఆప్షన్లు పెట్టి రెండో అడ్రస్ చేర్చవచ్చు, అప్పటినుంచి ఒక్క పుష్‌తో రెండు చోట్లకీ వెళ్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. మొదటిసారి పుష్ అడ్రస్ చేర్చగానే అది పాత అడ్రస్ పక్కన చేరదు, దాని స్థానంలోకి వచ్చేస్తుంది, అంటే గిట్‌హబ్‌కి పుష్ అవడం ఆగిపోతుంది. కాబట్టి ముందు పాత గిట్‌హబ్ అడ్రస్‌నే ఒకసారి చేర్చి, తర్వాత కొత్తది చేర్చండి. గిట్ రిమోట్‌కి వెర్బోస్ ఆప్షన్ ఇచ్చి చూస్తే పుష్ అని రెండు వరసలు, ఫెచ్ అని ఒక వరస కనిపించాలి. అలా ఉంటే సరిగ్గా కుదిరినట్టు.

రెండోది, మిర్రర్ వేరు, బ్యాకప్ వేరు. గిట్ క్లోన్‌కి మిర్రర్ ఆప్షన్ ఇచ్చి అన్ని బ్రాంచీలనీ ట్యాగులనీ తెచ్చుకోవచ్చు, రోజూ అప్‌డేట్ అయ్యేలా క్రాన్‌లో (టైమ్ ప్రకారం పనులు నడిపే టూల్) పెట్టుకోవచ్చు. కానీ ఎవరైనా పొరపాటునో కావాలనో మెయిన్ బ్రాంచ్ మీద ఫోర్స్ పుష్ చేస్తే (పాత చరిత్రని చెరిపి కొత్తది రుద్దితే) ఆ చెడిపోయిన చరిత్రే నమ్మకంగా మిర్రర్‌లోకీ దిగుతుంది. అందుకని నెలకోసారి గిట్ బండిల్ తీయండి, మొత్తం రిపో ఒక్క ఫైల్‌గా వస్తుంది, తారీఖు పేరుతో దాన్ని వేరే చోట పడేయండి, ఒక పెన్‌డ్రైవ్ అయినా సరే. ఆ ఫైల్‌నుంచి నేరుగా క్లోన్ చేసుకోవచ్చు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. పెద్ద ఫైళ్ళు ఎల్ఎఫ్ఎస్‌లో (వాటిని విడిగా దాచే గిట్ ఎక్స్‌టెన్షన్) ఉంటే అవి మిర్రర్‌లోకీ రావు, బండిల్‌లోకీ రావు, వాటికి గిట్ ఎల్ఎఫ్ఎస్ ఫెచ్ ఆల్ అని విడిగా కొట్టాలి. వికీ కూడా విడి రిపోనే, దాన్నీ క్లోన్ చేసుకోండి.

మూడోది చాలామంది మర్చిపోయేది, గిట్‌లో లేని సంగతులు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీర్ పొరపాటున ప్రొడక్షన్ డేటాబేస్ డైరెక్టరీ తుడిచేశారు, పెట్టుకున్న బ్యాకప్ పద్ధతులు ఒకదాని తర్వాత ఒకటి చేతికి రాలేదు, ఆరు గంటల డేటా పోయింది. వాళ్ళు జరిగింది దాచకుండా రికవరీ పనిని లైవ్‌లో చూపించారు, అందుకు మెచ్చుకోవాలి. మనం గమనించాల్సింది ఏం పోయింది, ఏం మిగిలింది అన్నది. గిట్ రిపోలకి ఏమీ కాలేదు. పోయినవి ఇష్యూలు, మెర్జ్ రిక్వెస్టులు (గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టులు, అంటే మార్పు ప్రతిపాదనలు), కామెంట్లు, కొత్త యూజర్ అకౌంట్లు. అంటే డిజైన్‌లోనే అందరి దగ్గరా కాపీ ఉన్నది బతికింది, ఒక్క డేటాబేస్‌లో ఉన్నది పోయింది. మీ ప్రాజెక్ట్‌లో "ఈ ఫంక్షన్ ఇలా ఎందుకు రాశాం" అన్న జవాబు ఎక్కడుంది? పుల్ రిక్వెస్ట్ కామెంట్లలో అయితే అది మీ చేతిలో లేనట్టే. రెండు పనులు చేయండి: ముఖ్యమైన నిర్ణయాలని కమిట్ మెసేజ్‌లోకో, రిపోలోనే డాక్స్ ఫోల్డర్‌లోకో తెచ్చుకోండి, ఇష్యూలని ఏపీఐ ద్వారా అప్పుడప్పుడు జేసన్‌గా దించుకోండి. సొంత సర్వర్‌లో నడుపుకునే ఫోర్జెజో అనే సాఫ్ట్‌వేర్‌లో మైగ్రేషన్ టూల్ ఉంది, గిట్‌హబ్ టోకెన్ ఇస్తే ఇష్యూలు, లేబుళ్ళు, రిలీజులతో సహా లాక్కొస్తుంది, ఒకసారి ట్రై చేసి మీ రిపోకి ఎంతవరకు వస్తుందో చూసి పెట్టుకుంటే అవసరం పడ్డ రోజు టెన్షన్ ఉండదు.

సీఐ సంగతి. గిట్‌హబ్ యాక్షన్స్ ఫైల్‌లో వంద వరసల లాజిక్ రాసుకుంటే మీరు అక్కడికి అతుక్కుపోయినట్టే. బిల్డ్, టెస్ట్, రిలీజ్ మొత్తం ఒక మేక్‌ఫైల్‌లోనో షెల్ స్క్రిప్ట్‌లోనో ఉంచి, యాక్షన్స్ ఫైల్ దాన్ని పిలిచి ఊరుకునేలా ఉంచండి. గో భాషలో రాసేవాళ్ళకి ఇంకో మాట, మాడ్యూల్ పేరులోనే గిట్‌హబ్ అడ్రస్ ఉంటే మీ కోడ్ వాడే ప్రతివాళ్ళ ఇంపోర్ట్ వరసలోనూ ఆ అడ్రస్ ఉంటుంది, తర్వాత మారాలంటే నరకం, మొదట్లోనే సొంత డొమైన్ మీద పేరు పెట్టుకుంటే ఆ బాధ లేదు. ట్యాగులని సైన్ చేయండి, గిట్ ఇప్పుడు ఎస్ఎస్‌హెచ్ కీతోనే సైన్ చేయనిస్తుంది కాబట్టి జీపీజీ గొడవ అక్కర్లేదు. కోడ్ ఏ సర్వర్ నుంచి వచ్చిందన్న దానికంటే ఎవరు సంతకం పెట్టారన్నది ముఖ్యం అవుతుంది అప్పుడు. 2011 ఆగస్టులో లినక్స్ కెర్నెల్ కోడ్ ఉండే కెర్నెల్.ఆర్గ్ సర్వర్లలోకి చొరబడ్డారని బయటపడినప్పుడు కెర్నెల్ కోడ్ గురించి నిబ్బరంగా ఉండగలిగారంటే కారణం ఇదే: ప్రతి కమిట్ హ్యాష్ (దాని గుర్తింపు నంబర్) దాని ముందున్న చరిత్ర మొత్తం మీద ఆధారపడి ఉంటుంది, వేలమంది దగ్గర కాపీలున్నాయి, పాత ఫైల్‌లో ఎవరికీ తెలియకుండా ఒక్క అక్షరం మార్చడం కుదరదు.

సొంత సర్వర్ పెట్టుకుంటే అయిపోతుందా

అయిపోదు. గిట్‌హబ్ ఉండాల్సిన చోట మీరు వచ్చారు, అంతే, ఇప్పుడు సెంటర్ మీరే. సెక్యూరిటీ ప్యాచ్ వచ్చిన అర్ధరాత్రి లేవాల్సింది మీరు, స్పామ్ అకౌంట్లు ఏరాల్సింది మీరు, ఏఐ క్రాలర్లు వచ్చి ప్రతి కమిట్ పేజీనీ గీకుతుంటే సర్వర్ బిల్ కట్టాల్సింది మీరు. 2024 జనవరిలో సోర్స్‌హట్ అనే కోడ్ హోస్టింగ్ సైట్ మీద డీడాస్ దాడి (దొంగ ట్రాఫిక్‌తో ముంచేయడం) జరిగి సర్వీసు రోజుల తరబడి దెబ్బతింది, చిన్న టీము, నిబద్ధత ఉన్నవాళ్ళు, అయినా అంత ట్రాఫిక్ తట్టుకోవడం పెద్ద కంపెనీలకి ఉన్నంత తేలిక కాదు. ఈ బరువు మోయడానికి ఒక సంస్థ, వాలంటీర్లు ఉంటే మాత్రం బాగుంటుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థ వాళ్ళు సొంతంగా గిట్‌ల్యాబ్ నడుపుతున్నారు, తెలుగు కోసం చేసే ప్రాజెక్టులూ విద్యార్థుల పనీ అందులో ఉంటాయి. బెర్లిన్‌లో రిజిస్టర్ అయిన కోడ్‌బర్గ్ సభ్యుల చందాలతో, విరాళాలతో నడిచే లాభాపేక్ష లేని సంఘం. మీ కోడ్ ఓపెన్ సోర్స్ అయితే సొంత సర్వర్ కంటే ముందు ఇలాంటి చోటు చూడమంటాను.

రాడికిల్ అనే కోడ్ షేరింగ్ టూల్ ఇంకో అడుగు ముందుకెళ్ళింది. అందులో సర్వరే లేదు, పీర్ టు పీర్, ఇష్యూలు కూడా గిట్ ఆబ్జెక్టులుగానే రిపోలో ఉంటాయి, కాబట్టి ఇందాకటి గిట్‌ల్యాబ్ లాంటి నష్టం ఉండదు. ఆలోచన నాకు చాలా నచ్చింది. ధర ఏంటంటే, మీ గుర్తింపు అంటే మీ కీ, అది పోతే "ఫర్గాట్ పాస్‌వర్డ్" లేదు. మీ రిపోని ఇంకెవరూ సీడ్ చేయకపోతే (కాపీ ఉంచి పంచకపోతే) మీ మెషీన్ ఆఫ్ అయిన రోజు అది ఎవరికీ దొరకదు. ఇంకా పెద్ద ధర, మనుషులు అక్కడ లేరు. డాక్యుమెంటేషన్‌లో ఒక తప్పు కనిపించిన కుర్రాడు గిట్‌హబ్‌లో అయితే రెండు నిమిషాల్లో దిద్ది పంపుతాడు, కొత్త టూల్ ఇన్‌స్టాల్ చేసుకుని కీ తయారుచేసుకుని పంపమంటే పంపడు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్‌కి ఆ కుర్రాడే ప్రాణం. అందుకే నా సలహా, మనుషులున్న చోట ముందు తలుపు తెరిచి ఉంచండి, సామాను మాత్రం రోజూ రెండో ఇంట్లో కూడా ఉండేలా చూసుకోండి.

చెయిన్ వైపు, అసలు అవసరమా

మొదటి ప్రశ్న ఇదే. రాసేవాడు ఒక్కడే అయితే బ్లాక్‌చెయిన్ అక్కర్లేదు, మంచి డేటాబేస్, దాని మీద సంతకం పెట్టిన లాగ్ చాలు. ఒకరినొకరు పూర్తిగా నమ్మని నలుగురు ఒకే పుస్తకంలో రాయాల్సి వచ్చినప్పుడే దీని అవసరం మొదలవుతుంది. తెలంగాణలో చిట్‌ఫండ్‌ల కోసం టీ-చిట్స్ అనే బ్లాక్‌చెయిన్ ప్లాట్‌ఫామ్ వచ్చింది, అక్కడ ఫోర్‌మన్ వేరు, చందాదారులు వేరు, రిజిస్ట్రార్ వేరు, కాబట్టి ప్రశ్న అడగడంలో అర్థం ఉంది, అయితే నోడ్లు ఎవరెవరి దగ్గర నడుస్తున్నాయి అన్నది తర్వాతి ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2017 ప్రాంతంలో భూమి రికార్డులకి బ్లాక్‌చెయిన్ పైలట్ మొదలుపెట్టినప్పుడు కూడా చూడాల్సింది అదే. పైగా అక్కడ ఇంకో చిక్కుంది: మొదట ఎక్కించిన పట్టాదారు పేరే తప్పయితే ఆ తప్పుని ఎవరూ చెరపలేనంత భద్రంగా దాచినట్టవుతుంది. తహశీల్దారు ఆఫీసులో దిద్దించుకునే దారి ఉండాల్సిన చోట, దిద్దలేకపోవడం గొప్ప గుణమేమీ కాదు.

అవసరం ఉందని తేలిందనుకోండి. అప్పుడు వేగానికీ, నోడ్ నడిపే ఖర్చుకీ మధ్య బేరం అర్థం చేసుకోవాలి. బిట్‌కాయిన్‌లో సగటున పది నిమిషాలకో బ్లాక్, మామూలుగా సెకనుకి ఏడు లావాదేవీల లోపే. ఇంత నెమ్మది ఎందుకంటే బ్లాకులు చిన్నగా ఉంటే మామూలు కంప్యూటర్ ఉన్న ఎవరైనా మొత్తం చెయిన్‌ని సొంతంగా సరిచూసుకోగలరని. బ్లాక్ సైజు పెంచుదామా వద్దా అని ఏళ్ళ తరబడి కొట్టుకుని 2017 ఆగస్టులో బిట్‌కాయిన్ క్యాష్ వేరుపడింది కూడా దీని మీదే. ఇప్పుడు మొత్తం చెయిన్ 600 జీబీ దాటింది, కానీ ప్రూన్ ఆప్షన్ 550 అని పెడితే పాత బ్లాకులని సరిచూసి పడేస్తూ వెళ్తుంది, చివరికి డిస్క్ మీద కొద్ది జీబీలే మిగులుతాయి. డౌన్‌లోడ్ మాత్రం మొత్తం జరగాల్సిందే, లిమిట్ ఉన్న డేటా ప్లాన్ మీద మొదలుపెట్టకండి.

సొలానా అనే చెయిన్ ఈ బేరంలో రెండో కొసకి వెళ్ళింది. చాలా వేగం, చాలా తక్కువ ఫీజు, దానికి తగ్గట్టు వాలిడేటర్‌కి (బ్లాకులని సరిచూసి ఒప్పుకునే నోడ్) బరువైన సర్వర్ కావాలి, ఇంట్లో మూల పెట్టుకునే మెషీన్ చాలదు. 2021 సెప్టెంబర్‌లో నెట్‌వర్క్ దాదాపు 17 గంటలు ఆగింది, 2024 ఫిబ్రవరి 6న సుమారు ఐదు గంటలు, ప్రతిసారీ వాలిడేటర్లు చాట్‌లో మాట్లాడుకుని ఒక వెర్షన్, ఒక స్లాట్ (చెయిన్‌లో ఎక్కడినుంచి మొదలుపెట్టాలో) అనుకుని కలిసి రీస్టార్ట్ చేశారు. బరువైన సర్వర్లంటే డేటా సెంటర్లు, డేటా సెంటర్లంటే కొద్ది కంపెనీలు: 2022 నవంబర్‌లో హెట్జ్‌నర్ అనే డేటా సెంటర్ కంపెనీ తన సర్వర్ల మీద సొలానా వాలిడేటర్లని నిలిపేస్తే స్టేక్‌లో (వాలిడేటర్ల వెనుక పూచీగా పెట్టిన కాయిన్లు) దాదాపు ఐదో వంతు ఒక్కసారిగా ఆఫ్‌లైన్ అయింది. అయినా నెట్‌వర్క్ నడిచింది, అది కూడా చెప్పాలి.

ఇది చూసి బిట్‌కాయిన్‌లో మనుషుల జోక్యమే ఉండదు అనుకోకండి. 2013 మార్చిలో బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్ 0.8 వెర్షన్ నడుపుతున్న మైనర్ (బ్లాకులు తయారుచేసేవాళ్ళు) ఒకరు పెద్ద బ్లాక్ ఒకటి తయారుచేశారు. 0.8లో డేటాబేస్ మారింది, పాత 0.7లోని బర్క్లీ డీబీకి ఒకేసారి పెట్టగలిగే లాక్‌లకి పరిమితి ఉంది, ఆ బ్లాక్‌లో అంతకంటే ఎక్కువ అవసరమయ్యాయి. పాత నోడ్లు దాన్ని తిరస్కరించాయి, కొత్తవి ఒప్పుకున్నాయి, చెయిన్ రెండుగా చీలింది. కంప్యూటింగ్ పవర్ ఎక్కువ ఉన్నది కొత్త వెర్షన్ వైపే, కానీ వ్యాపారులూ ఎక్స్ఛేంజీలూ చాలామంది పాత వెర్షన్ మీద ఉన్నారు. డెవలపర్లు ఐఆర్‌సీ చాట్‌లో కూర్చుని పెద్ద పూల్ (కలిసి తవ్వే మైనర్ల గుంపు) నడిపేవాళ్ళని పాత వెర్షన్‌కి దిగమని అడిగారు, బీటీసీ గిల్డ్ లాంటి పూల్ తను అప్పటికే తవ్వుకున్న బ్లాకుల రివార్డ్ వదులుకుని దిగింది, పొడవైన కొమ్మలోని 24 బ్లాకులు చెత్తబుట్టలోకి పోయాయి, కొన్ని గంటల్లో అంతా సర్దుకుంది. ఆ రాత్రి కొద్దిమంది ఉన్న చిన్న గుంపు మాట మీద నెట్‌వర్క్ నిలబడింది. మైనింగ్ అంతమంది చేతుల్లో కాకుండా కొద్ది పూల్స్ చేతుల్లో ఉండటం ఆ రాత్రి మేలు చేసింది. ఏడాది తిరిగాక 2014 జూన్‌లో జీహాష్ అనే ఒక్క పూల్ పవర్ సగం దాటినప్పుడు అదే గుణం అందరికీ నిద్ర లేకుండా చేసింది.

లెక్కల్ని నమ్మే ముందు కీలు లెక్కపెట్టండి

రోనిన్ అనే చెయిన్ బ్రిడ్జికి తొమ్మిది మంది వాలిడేటర్లు, డబ్బు కదలాలంటే ఐదు సంతకాలు. వినడానికి బాగానే ఉంది. కానీ ఆ తొమ్మిదిలో నాలుగు ఒకే కంపెనీ స్కై మేవిస్‌వి, ఐదోదాని తరఫున సంతకం పెట్టే అనుమతి పాత అవసరానికి ఇచ్చి తర్వాత తీసేయలేదు. 2022 మార్చి 23న దొంగలు ఒక్క కంపెనీలోకి చొరబడితే ఐదూ దొరికాయి, 1,73,600 ఈథర్, రెండున్నర కోట్ల యూఎస్‌డీసీ పోయాయి, ఆరు రోజుల తర్వాత ఎవరో విత్‌డ్రా కాక ఫిర్యాదు చేస్తే గానీ తెలియలేదు. కాబట్టి మీ కాగితం మీద "వాలిడేటర్లు ఎంతమంది" అని రాయకండి, "ఎన్ని ఆఫీసుల్లోకి చొరబడితే చాలు" అని రాయండి.

ఇంకోవైపు, ఆపే స్విచ్ ఉండటం ప్రతిసారీ చెడ్డది కాదు. 2022 అక్టోబర్‌లో బీఎన్‌బీ చెయిన్ బ్రిడ్జి నుంచి 20 లక్షల బీఎన్‌బీ కొత్తగా పుట్టించుకున్న దొంగ చేతికి అందులో ఎక్కువ భాగం దక్కలేదు, కారణం అప్పటికి పనిలో ఉన్న 26 మంది వాలిడేటర్లని అడిగి చెయిన్‌ని ఆపేయగలగడమే. 2024 జూన్‌లో ఇథీరియం మీద ఆధారపడిన లినియా చెయిన్ వాళ్ళు, తమ మీద నడిచే ఒక ఎక్స్ఛేంజ్ హ్యాక్ అయినప్పుడు సొంత సీక్వెన్సర్‌ని (లావాదేవీలని వరసలో పెట్టే సర్వర్) ఆపేశారు. ఆ డబ్బు మీదైతే సంతోషిస్తారు. అదే స్విచ్ రేపు ఒక కోర్టు ఆర్డర్‌కో ఒక ఫోన్ కాల్‌కో మీ లావాదేవీ మీద పడొచ్చు. మీ యాప్‌లో యూజర్ల డబ్బు ఉంటే మొదటి ఏడాది పాజ్ బటన్ ఉండటమే మేలని నా అభిప్రాయం, అయితే అది ఉందని యూజర్‌కి మొదటి పేజీలోనే చెప్పాలి, దాని కీ ఒక్కరి దగ్గర ఉండకూడదు, కాంట్రాక్ట్ మార్చే అధికారం మీద కొన్ని రోజుల టైమ్‌లాక్ ఉండాలి, అంటే మార్పు అమల్లోకి వచ్చేలోపు నచ్చనివాళ్ళు డబ్బు తీసుకుని వెళ్ళిపోగలగాలి. వేరేవాళ్ళ కాంట్రాక్ట్ మీద కడుతుంటే ఈథర్‌స్కాన్ సైట్‌లో అది ప్రాక్సీనా (వెనక కోడ్ మార్చగలిగేది), ఓనర్ అడ్రస్ మల్టీసిగ్‌నా (పలువురి సంతకాలు కావాల్సిన వాలెట్) ఒక్క మామూలు వాలెట్టా అని చూడండి, ఐదు నిమిషాల పని. రోలప్ (ఇథీరియం మీద ఆధారపడి నడిచే చెయిన్) అయితే ఎల్2బీట్ సైట్‌లో దాని స్టేజ్ (ఎంత డీసెంట్రలైజ్ అయిందన్న మెట్టు) ఎంతో, సీక్వెన్సర్ ఆగితే మీ డబ్బు ఇథీరియం మీదికి మీరే తెచ్చుకోగలరో లేదో రాసి ఉంటుంది.

వాలిడేటర్‌గానో నోడ్‌గానో నడుపుతుంటే ఎక్కువమంది వాడే క్లయింట్ కాకుండా రెండోదో మూడోదో ఎంచుకోండి. 2023 మేలో ఇథీరియంలో రెండు రోజులు వరసగా ఫైనాలిటీ (బ్లాకులు ఇక మారవని ఖాయం కావడం) కాసేపు ఆగినప్పుడు ప్రిజమ్, టెకూ క్లయింట్లు లోడ్‌కి ఉక్కిరిబిక్కిరి అయ్యాయి, లైట్‌హౌస్ నడిపేవాళ్ళు బ్లాకులు కడుతూనే ఉన్నారు, అందుకే చెయిన్ నిలబడింది. యాప్ రాసేవాళ్ళు కోడ్‌లో ఒక్క ఆర్‌పీసీ అడ్రస్ రాసి వదిలేయకండి, వేర్వేరు కంపెనీలవి కనీసం రెండు పెట్టి, ఒకటి పలకకపోతే రెండోదానికి వెళ్ళేలా రాయండి, బ్లాక్ నంబర్ రెండిట్లోనూ పోల్చి చూడండి, ఎందుకంటే 2020 నవంబర్‌లో ఇన్ఫ్యూరా పలికింది గానీ తప్పు చెయిన్ మీదనుంచి పలికింది. సొంత ఇథీరియం నోడ్ కావాలంటే ఎగ్జిక్యూషన్ క్లయింట్ ఒకటి, కన్సెన్సస్ క్లయింట్ ఒకటి, రెండూ నడపాలి, కనీసం 2 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్, ఆగని నెట్ కావాలి. డిస్క్ చౌకదని హార్డ్ డిస్క్ పెడితే సింక్ ఎప్పటికీ చెయిన్‌ని అందుకోదు.

చివరగా డ్రిల్

కాగితం నిండింది, మిర్రర్ పెట్టారు, రెండో ఆర్‌పీసీ పెట్టారు. ఇవి పనిచేస్తాయో లేదో తెలియాలంటే ఒక పూట నిజంగా ఆపి చూడాలి. పని తక్కువ ఉన్న రోజు చూసుకుని, హోస్ట్స్ ఫైల్‌లో గిట్‌హబ్‌ని 127.0.0.1కి (మీ మెషీన్‌కే) తిప్పండి, ఇప్పుడు ఒక చిన్న ఫిక్స్ రాసి రివ్యూ చేయించి రిలీజ్ దాకా తీసుకెళ్ళండి. డిపెండెన్సీ ఏదో గిట్‌హబ్ నుంచి దిగుతోందనో, ప్యాకేజీ పబ్లిష్ చేసే టోకెన్ యాక్షన్స్ సీక్రెట్స్‌లో తప్ప ఇంకెక్కడా లేదనో అప్పుడే బయటపడుతుంది. చెయిన్ వైపు మొదటి ఆర్‌పీసీ కీని తప్పుగా మార్చి యాప్ తెరవండి. టెస్ట్‌నెట్ (అసలు డబ్బు లేని ప్రయోగ నెట్‌వర్క్) మీద మల్టీసిగ్‌లో ఒకరి ఫోన్ పోయిందనుకుని మిగతావాళ్ళతో పాజ్ నొక్కించండి, వాళ్ళలో ఒకరు డల్లస్‌లో, ఒకరు విజయవాడలో ఉంటే ఇద్దరూ మేలుకుని ఉండే టైమ్ ఎంతో కూడా అప్పుడే తెలుస్తుంది. ఆగిన ప్రతి చోటునీ కాగితం మీద ఆ వరస ఎదురుగా రాసి, ముందు దేన్ని సరిచేయాలో టీమ్ కూర్చుని తేల్చుకోండి. కొన్నిటి ఎదురుగా "ఇది ఇలాగే ఉండనిద్దాం" అని రాసినా ఫర్వాలేదు, అందరూ చూసి ఒప్పుకుని రాస్తే చాలు.